తీగ కింది బీడు

కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టకు షాకెందుకు కొట్టదు? లైన్‌మన్‌గా పనిచేసినన్నాళ్లూ జనం నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నల్లో ఇది రెండోది. మొదటిది, కరెంటు ఎప్పుడొస్తది అని. మొదటిదానికి నా దగ్గర సరైన జవాబు ఏనాడూ లేదు. రెండోదానికి ఉంది. పిట్ట రెండు కాళ్లూ ఒకే తీగ మీద పెడుతుంది. రెండు కాళ్ల మధ్య వోల్టేజీ తేడా ఉండదు కనుక కరెంటుకు పిట్ట ఒంట్లోంచి పోవలసిన అవసరం రాదు, తీగలోంచే సాఫీగా పోతుంది. అదే పిట్ట రెక్క పక్క తీగకో, భూమికి కలిపిన ఇనుప క్రాస్ ఆర్మ్‌కో తగిలిందా, అక్కడికక్కడే మాడిపోతుంది. పాలపిట్ట రెక్కలు పూర్తిగా చాచినా రెండడుగుల పైచిలుకు. ఎర్రకాళ్ల కొంగ చాచితే ఐదడుగులు. అందుకే తీగల కింద చచ్చి పడేవి ఎక్కువగా పెద్దవే: కొంగలు, గద్దలు, నెమళ్లు, అన్నిటికంటే ఎక్కువగా గబ్బిలాలు.

చచ్చినవాటిని దింపడం నా ఉద్యోగంలో భాగం. బతికున్నవాటిని చూడడం అలవాటుగా మొదలైంది, ఉద్యోగం అయిపోయినా పోలేదు.

నా ఉద్యోగం కొంతకాలం జగిత్యాలలో, కొంతకాలం కోరుట్లలో గడిచింది. సిరిసిల్లలో మా చెల్లె ఇల్లు. అక్కడి కరెంటు మా సంస్థది కాదు. 1970 నుంచీ అక్కడ సహకార విద్యుత్ సంఘం ఉంది, జనం 'సెస్' అంటారు. దేశంలో ఇలాంటి సంఘాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. అందుకని సిరిసిల్లలో తల పైకెత్తినప్పుడు నాకు వదులైన జంపరో, పగిలిన ఇన్సులేటరో కనిపించినా పట్టించుకోనక్కర్లేదు. హాయిగా పిట్టలనే చూస్తాను.

లైన్లు ఎప్పుడూ రోడ్డు వెంట పోవు. ఎక్కడ దూరం తగ్గుతుందో, ఎక్కడ పట్టాదారు అడ్డం పడడో అక్కడి నుంచి పోతాయి. అంటే చెరువు శిఖంలోంచి, పశువులు మేసే గైరాన్‌లోంచి, గుట్ట అంచున, శ్మశానం పక్క నుంచి. తెల్లవారుజామున ఫీడర్ ట్రిప్ అయితే స్తంభం వెంట స్తంభం చూసుకుంటూ నడవాలి. ఆ దారిలో ఎదురయ్యేది గొర్ల కాపరి, తాళ్లెక్కే గీత కార్మికుడు, చెంబు పట్టుకొచ్చినవాడు. ఊళ్లో మిగతావాళ్లెవరికీ అక్కడ పని ఉండదు.

కోరుట్ల దగ్గర ఒకసారి ఒక పెద్దమనిషి గొర్లను ఆపి నన్ను చాలాసేపు చూశాడు.

"ఏంది సారూ, ఫాల్టు దొరుకుతలేదా?"

"ఫాల్టు దొరికింది కాకా, పిట్టే దొరుకుతలేదు."

"ఏం పిట్ట?"

"పూరేడు."

"అగో, ఆ పరికికంప కింద సూడు. పొద్దుగాల్నించి గాడనే ఉన్నయి" అని కర్రతో చూపించాడు. అక్కడే ఉన్నాయి.

పక్షిశాస్త్రం ఇలాంటివాళ్లకు చాలా బాకీ ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా పొదల అడవిలో బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి ఆ పిట్ట బొమ్మ చూపించి వాకబు చేస్తే, దాన్ని పట్టి తెచ్చింది అయితన్న అనే స్థానికుడు. దాని కోసమే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అది నిండు అడవి పక్షి కాదు. ముళ్లపొదల మధ్య అక్కడక్కడ బోసి నేల ఉండాలి దానికి. పొద మరీ ఒత్తుగా అల్లుకున్నా ఉండదు, పొద కొట్టేసినా ఉండదు.

మా జగిత్యాల, కోరుట్ల బీళ్లలో కలివికోడి లేదు. కానీ అలాంటి నేలే కావాలనే పిట్టలు బోలెడున్నాయి. కౌజులు, పూరేళ్లు, నల్లనంచి, నేల మీదే గుడ్లు పెట్టే బురకపిట్టలు, రాత్రి బాట మీద కూర్చుని టార్చి వెలుగుకు కళ్లు ఎర్రగా మెరిపించే నత్తింగలు. ఇవి ఊరి చుట్టూ ఇంకా ఎలా మిగిలాయి? దీనికి నాకు తోచిన కారణం ఒకటుంది, అందులో మా శాఖల పాత్ర ఉంది. హైటెన్షన్ టవర్ల కింద ఇల్లు కట్టనివ్వరు. 132 కేవీ లైనుకైతే 27 మీటర్లు, 220 కేవీకైతే 35 మీటర్ల వెడల్పున దారి ఖాళీగా ఉంచాలని నిబంధన. అక్కడ చెట్టు ఎత్తుగా లేస్తే కొట్టేస్తారు. మా 33, 11 కేవీ లైన్ల కింద కూడా ఏటా వానల ముందు కొమ్మలు కొట్టడం ఉండనే ఉంది. దాంతో అక్కడ అడవి రాదు, కాలనీ రాదు. తంగేడు, పరికి, రేగు, బలుసు, మధ్యలో గడ్డి మాత్రం నడుములోతు పెరుగుతాయి. పట్టణం పెరిగి గుట్టల దాకా పాకినా తీగ కింది పట్టీ పట్టీలాగే ఉండిపోయింది. పిట్టల కోసం ఎవరూ అనుకొని చేసింది కాదిది. మేం చెట్లు కొట్టింది కరెంటు కోసం.

2014 నవంబరులో కొత్త రాష్ట్రం తన చిహ్నాలను ప్రకటించింది. పక్షి పాలపిట్ట, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు, జంతువు మచ్చల జింక. జింకను పక్కనపెడితే మిగతా మూడూ అచ్చంగా ఈ బీడు భూములవే. దట్టమైన అడవిలో తంగేడు పూయదు, పాలపిట్ట వేటాడదు. బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చేది ఇక్కడి నుంచే. దసరా సాయంత్రం జమ్మి దగ్గరికి పోతూ పాలపిట్ట కోసం కళ్లు తిప్పేదీ ఇక్కడే. మరి ఈ భూమికి కాగితాల్లో ఏ పేరుంది? హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేల ఒక రకం బంజరు. 2019 సంచికలోనూ అదే లెక్క. బంజరు అని రాసుకున్నాక దాన్ని 'బాగుచెయ్యాలి' అనిపించడం సహజం. బాగుచేయడమంటే సాధారణంగా గుంతలు తీసి వరసగా మొక్కలు నాటడం. మొక్కలు నాటడం మీద నాకేమీ కోపం లేదు. బడి ఆవరణలో నాటండి, రోడ్డు పక్కన నాటండి. తీతువు గుడ్లు పెట్టే చోట నాటితే నీడ వస్తుంది, తీతువు పోతుంది.

తీతువుల్లో మా దగ్గర రెండు రకాలు. కంటి ముందు ఎర్ర తోలు ఉన్నది నీళ్ల దగ్గర, పసుపు తోలు ఉన్నది ఎండు నేలలో. రెండూ గూడు కట్టవు. కంకర మధ్య చిన్న గుంటలో మామూలుగా నాలుగు గుడ్లు పెడతాయి. గుడ్ల మీది మచ్చలు ఆ కంకరలోనే కలిసిపోతాయి, అడుగు దూరంలో ఉన్నా కనపడవు. ఏప్రిల్, మే ఎండలో నేల కాలుతుంటే తల్లీ తండ్రీ వంతులవారీగా పోయి నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. మనకు పొదగడమంటే వేడి చేయడం. కరీంనగర్ పాత జిల్లా ఎండల్లో వాటికి పొదగడమంటే చాలావరకు చల్లబరచడం. అందుకే పొదల బీడుకు నడిచిపోయేంత దూరంలో ఒక కుంట ఉండాలి. ఈ రెంటినీ విడదీసి చూస్తే ఏదీ అర్థం కాదు.

పాలపిట్ట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానికి మనం చేసే పూజ దానికే ముప్పయింది. కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్ట, తీగ మీద ముడుచుకుని ఉంటే గుర్తుపట్టనివాళ్లే ఎక్కువ. ఎగిరినప్పుడే ఆ నీలం. ఆ నీలం ఈకలో ఉన్న రంగు పదార్థం కాదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం మీద వెలుతురు చెదిరి మన కంటికి అలా వస్తుంది. మిడతలు, పురుగులు, చిన్న తొండలు దాని తిండి. ఎత్తయిన చోట కూర్చుని కింద బోసి నేల మీద కదలికను కనిపెడుతుంది. తీగ ఆ పనికి బాగా కుదిరింది. మార్చి నుంచి మగపిట్ట ఆకాశంలోకి లేచి, అరుస్తూ దొర్లుతూ కిందికి దూకుతుంది. గుడ్లు పెట్టడానికి తొర్ర కావాలి, మా వైపు తల విరిగిన తాటి మోడు దానికి ఇష్టం. ఎండిపోయిన తాటిని ఎవరూ ఉంచరు, కొట్టి దూలానికో పొయ్యికో వాడేస్తారు. నా సెక్షన్‌లో లైనుకు అడ్డం లేని తాటి మోడు జోలికి పోవద్దని హెల్పర్లకు చెప్పేవాణ్ని. 'సచ్చిన చెట్టు కాడ ఏముంటది సారూ' అని నవ్వేవాళ్లు.

దసరాకు పాలపిట్టను చూస్తే శుభమని నమ్మిక. ఊరి బయటికి నడిచిపోయి చూడాలన్నది పాత పద్ధతి. ఇప్పుడు కొన్నిచోట్ల పంజరంలో పెట్టి ఇంటి ముందుకే తెస్తున్నారు. పట్టేటప్పుడు జిగురు పూస్తారు, ఎగరకుండా రెక్కలు కత్తిరిస్తారు, కాళ్లు కడతారు. పండగ అయ్యాక వదిలేసినా అది బతకదు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇది నేరం. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక దేశంలో పాలపిట్టలు దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గాయని చెప్పి, దాని ప్రమాద స్థాయిని మళ్లీ మదింపు చేయాలని సూచించింది. ఆ నివేదిక ఎవరో నలుగురు కూర్చుని రాసింది కాదు. దాదాపు 30 వేల మంది పక్షి వీక్షకులు ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల మీద కట్టిన లెక్క. నెమళ్లు, కోయిలలు బాగా పెరిగాయని కూడా అందులోనే ఉంది. నెమళ్ల సంగతి మక్క రైతును అడిగితే నివేదిక లేకుండానే చెబుతాడు.

కోయిల ఎందుకు పెరిగిందో నేను రుజువు చేయలేను గాని, కాకి గూళ్ల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకుంటాను. కాకి మా స్తంభం మీదే గూడు పెడుతుంది, అదీ బైండింగ్ వైరు ముక్కలతో. మే నెలలో గాలిదుమారం రాగానే ఒక ముక్క జారి క్రాస్ ఆర్మ్‌కు, తీగకు మధ్య పడుతుంది, ఫీడర్ ట్రిప్ అవుతుంది. వానల ముందు మరమ్మతుల్లో గూళ్లు తీసేయడం ఒక పని. ఎల్సీ తీసుకుని, అంటే లైనులో కరెంటు ఆపించుకుని, స్తంభమెక్కితే ఒక్కోసారి కాకి గుడ్ల పక్కన కోయిల గుడ్డు కనపడేది. కాకి అది తెలియకుండానే పొదుగుతుంది. నేను తెలిసి కూడా గూడు తీయాల్సి వచ్చేది. కింద నిలబడ్డ హెల్పర్‌కు ఇది చెబితే 'జల్ది దిగు అన్నా, ఎండ కొడుతుంది' అనేవాడు. అతను చెప్పిందీ నిజమే.

ఇక చెరువులు. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పిట్టలకు నిండు చెరువు కంటే సగం ఎండిన చెరువు మేలు. నీటికాకి మునిగి చేపను పడుతుంది, దానికి లోతు కావాలి. బుడుబుంగకూ అంతే. చలికాలం వచ్చే బాతుల్లో చాలావాటికి అడుగు లోతు చాలు, తలకిందులై అడుగున ఉన్న గింజలు, నాచు తింటాయి. ఎర్రకాళ్ల కొంగ మోకాలి లోతులో ముక్కు సగం తెరిచి నీళ్లలో ఆడిస్తూ నడుస్తుంది, చేప తగలగానే మూస్తుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందు ఉంటుంది, బురదలో నత్తను పట్టడానికి. ఎస్సారెస్పీ కాకతీయ కాలువ పుణ్యమా అని రెండు పంటల వరి వచ్చాక అది పొలాల్లోనే ఎక్కువ కనిపిస్తోంది. సన్నకాళ్ల ఉల్లంకి పిట్టలకు నీళ్లే వద్దు, తడి బురద ఉంటే చాలు. కాబట్టి ఒక చెరువులో ఇన్ని రకాలు బతకాలంటే గట్టు నుంచి మధ్యకు మెల్లగా వాలుతూ పోయే శిఖం ఉండాలి. కార్తీకం నుంచి చైత్రం దాకా నీళ్లు తగ్గుతున్న కొద్దీ ఈ తిండి పట్టీ లోపలికి జరుగుతూ పోతుంది, పిట్టలు దాని వెంట జరుగుతాయి.

2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకుంది. పూడిక తీశారు, నీళ్లు నిలిచాయి. పొలమున్నవాడిగా నాకు అది సంతోషమే. కానీ పట్టణాల్లో చెరువు బాగంటే గట్టు చుట్టూ రాళ్లు పేర్చడం, నడకదారి, రంగు లైట్లు, జమ్ము, తుంగ పీకేయడం అయిపోయింది. జగిత్యాల మోతె చెరువు, చింతకుంట దగ్గర పొద్దున నడకకు వచ్చేవాళ్లకు తుంగ ఉన్న మూల మురికిగా కనిపిస్తుంది. అక్కడే నీటికోళ్లు గుడ్లు పెడతాయి. గుర్రపుడెక్క తీయండి, అది చెరువును చంపుతుంది. జమ్మును మాత్రం ఒక మూలన ఉంచండి. రాళ్లు పేర్చిన గట్టు దగ్గర నేరుగా లోతు మొదలవుతుంది, ఉల్లంకికి నిలబడే చోటే ఉండదు. జగిత్యాల ఖిల్లా కందకంలో నీళ్లు, గోడ సందుల్లో చిలుకలు, గోరింకలు, సాయంత్రమైతే పైడికంట్లు. దాన్ని ఎవరూ అంతగా అలంకరించకపోవడం పిట్టల అదృష్టం.

సిరిసిల్లలో కొత్త చెరువు ఊళ్లోనే ఉంటుంది. 2021 సెప్టెంబరు వానలకు అది పొంగి వీధులు మునిగాయి. మా చెల్లె ఇంటి మెట్ల దాకా నీళ్లొచ్చాయి. శిఖం అంటే ఖాళీ స్థలం కాదని, నీళ్లు ఎక్కువైన ఏడు చెరువు కాళ్లు చాపుకునే చోటని ఆ రోజు అందరికీ తెలిసింది. నిబంధనైతే ఉంది. 25 ఎకరాలు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. ఆ వదిలిన ముక్కలో సర్కారు తుమ్మ మొలిచినా మంచిదే అంటాను నేను. ఆ తుమ్మల మీద గిజిగాళ్లు గూళ్లు కడతాయి. సిరిసిల్లలో గిజిగాడి మాటెత్తితే నేతన్నతో పోల్చడం రివాజు. నాకు ఆ పోలిక అంత కుదరదనిపిస్తుంది. గిజిగాళ్లలో నేసేది మగదే. సగం నేశాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే మగది దాన్ని అలాగే వదిలి ఇంకోటి మొదలుపెడుతుంది. మా చెల్లె ఇంట్లో కండెలు చుట్టేది ఆడవాళ్లు, సగం నేసిన బట్టను వదిలేసే స్తోమత ఎవరికీ లేదు.

మానేరు మీద మధ్య మానేరు జలాశయం నిండాక దాని వెనక నీళ్లు సిరిసిల్ల దాకా వస్తున్నాయి. కొదురుపాక లాంటి ఊళ్లు అందులో పోయాయి. ఆ ఊళ్లవాళ్ల బాధ వేరే వ్యాసం. పిట్టల వరకు చూస్తే, మునిగి ఎండిపోయిన చెట్ల మీద నీటికాకులు వరసగా రెక్కలారబెట్టుకుంటాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడే ఇసుక దిబ్బల మీద రివ్వుమని తిరిగే నది రేవుపిట్టలు కనిపిస్తాయి. ఇక్కడ కొంగలు గుంపుగా దిగిన ప్రతిసారీ 'సైబీరియా పక్షులు వచ్చాయి' అని పేపర్లో ఫొటో పడుతుంది. అవి ఎర్రకాళ్ల కొంగలు, మన దేశంలోనే పుట్టి మన దేశంలోనే తిరిగేవి. అసలు సైబీరియా కొంగ మన దేశంలో చివరిగా కనబడింది 2001-02 చలికాలంలో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. నిజంగా దూరం నుంచి వచ్చేవి చిన్నవి, ఎవరూ ఫొటో తీయనివి: తోక ఆడించే జిట్టంగులు, ఉల్లంకులు, సూదితోక బాతులు.

దుబాయ్‌లో ఉన్న మా మేనల్లుడు రస్ అల్ ఖోర్ నుంచి వీడియో పంపాడు. ఆకాశహర్మ్యాల ముందు బురదలో వందల రాజహంసలు. 2007 నుంచి అది రామ్‌సర్ అంతర్జాతీయ జాబితాలో ఉన్న చిత్తడినేల. 'మామా, గింత పైసలున్న ఊర్ల బురదను బురదగనే ఉంచిన్రు' అన్నాడు. వాడు చేసేది నిర్మాణ కంపెనీలో పని. భూమి విలువ వాడికి తెలుసు.

తీగల గురించి ఒక మాట మిగిలింది. బట్టమేక పక్షి ఒకప్పుడు కర్నూలు రోళ్లపాడులో ఉండేది, 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. ఇప్పుడా పక్షి ప్రధానంగా రాజస్థాన్‌లోనే మిగిలింది. అక్కడ దాన్ని చంపుతున్న పెద్ద కారణం కరెంటు తీగ. దాని కళ్లు తలకు పక్కల ఉంటాయి, ఎదురుగా చూపు సన్నం, పైగా ఎగురుతూ కిందికి చూస్తుంది. తీగ దగ్గరికొచ్చాకే కనపడుతుంది, ఆ బరువుతో పక్కకు తిరగలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతపు లైన్లను భూమిలోంచి వేయమంది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. భూమిలోంచి వేయడం ఎంత ఖర్చో నాకు తెలుసు. తీగకు వేలాడదీసే మెరిసే బిళ్లలు అంత ఖర్చు కాదు. చెరువు మీదుగా దాటే లైన్లకు అవి పెట్టినా, స్తంభం దగ్గరి జంపర్లకు తొడుగులు వేసినా కొంగలు చాలా బతుకుతాయి, ఫీడరూ ట్రిప్ కాదు.

చూడాలనుకునేవాళ్లకు 8×42 దుర్భిణి చాలు. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లది కొంటే చేయి వణికి బొమ్మ నిలవదు. పొద్దున తూర్పు వైపు నిలబడండి, ఎండ వీపు మీద పడాలి. తీతువు అరిచిందంటే మిమ్మల్ని చూసిందని అర్థం, ఆగిపోండి. పెద్ద గుంపును లెక్కించాలంటే ముందు పదింటిని లెక్కపెట్టి, అవి ఎంత చోటు ఆక్రమించాయో చూసి, అలాంటి చోట్లు గుంపులో ఎన్ని పడతాయో చూడాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఏ చెరువునైనా ఎవరైనా లెక్కపెట్టి పంపవచ్చు. నీటిపక్షుల లెక్క నీటి దగ్గరే ఆగుతుంది కనుక బీడులోని కౌజులు, పూరేళ్లు అందులోకి రావు. వాటికి ఫిబ్రవరిలో జరిగే పెరటి పక్షుల లెక్కలో చోటుంది. నేను జనవరిలో చెరువు అయ్యాక తీగ వెంట ఇంకొంత దూరం నడిచి, వాటినీ వేరే జాబితాగా ఈబర్డ్‌లో ఎక్కిస్తాను. ఆ జాబితాకు స్థలం పేరు అడిగితే దగ్గరున్న స్తంభం నంబరు రాస్తాను, ఆ బీడుకు వేరే పేరు లేదు.